డెంటన్ టీమ్ సగం ఓక్లహోమా స్టేట్‌కి వెళ్లిపోయింది, ఇక చిన్న కాలేజీల సంగతేంటి?

డెంటన్_పాతకాపు

ఆటగాళ్లు కాలేజీ మారే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌ని 2026 జనవరి 16తో మూసేశారు కాబట్టి ఇక తీరిగ్గా ఏడవచ్చని ఈ థ్రెడ్ పెడుతున్నా. డెంటన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్‌లో ఎంఎస్ చేసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు, వాళ్లలో అమెరికన్ ఫుట్‌బాల్ చూసేవాళ్లు ఎంతమందో తెలీదు. నేను కూడా చదివే రోజుల్లో ఒక్క ఆటా చూడలేదు, ఉద్యోగం వచ్చి ఫ్రిస్కోలో సెటిలయ్యాక అలవాటైంది.

2025 సీజన్‌లో మనవాళ్లు 12 గెలిచి 2 ఓడారు. డెంటన్‌లో ఇన్ని గెలుపులు ఎప్పుడూ లేవు. క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) డ్రూ మెస్టమేకర్ 4,379 పాసింగ్ యార్డులతో దేశం మొత్తంలో ఫస్టు. ఇంతా చేసి అతను హైస్కూల్లో స్టార్టింగ్ క్వార్టర్‌బ్యాక్ కూడా కాదు, స్కాలర్‌షిప్ లేకుండా వాక్-ఆన్‌గా వచ్చిన కుర్రాడు. తీరా ఏమైంది? కోచ్ ఎరిక్ మోరిస్ ఓక్లహోమా స్టేట్‌కి వెళ్లాడు. వెనకాలే మెస్టమేకర్ వెళ్లాడు, రన్నింగ్ బ్యాక్ కేలెబ్ హాకిన్స్ వెళ్లాడు, రిసీవర్ వ్యాట్ యంగ్ వెళ్లాడు. ఆ ఓక్లహోమా స్టేట్ అదే సీజన్‌లో 1-11. ఒక్క ఆట గెలిచినవాళ్లు వచ్చి పన్నెండు గెలిచినవాళ్ల ఇల్లు ఊడ్చుకుపోయారన్నమాట.

డబ్బులివ్వడం తప్పని నేను అనను, ఆడేవాళ్లకి రావాల్సిందే. కానీ మాలాంటి కాలేజీ టీమ్ కట్టడం అనేది ఇక కుదిరే పనేనా, లేక పెద్దోళ్లకి ఆటగాళ్లని తయారుచేసి పంపే నర్సరీగా మిగిలిపోవడమేనా?

లబ్బక్_రెడ్డి

అన్నా, బాధ అర్థమైంది కానీ కథ సగమే చెప్పావ్. 2024లో మీ క్వార్టర్‌బ్యాక్ చాండ్లర్ మోరిస్. అతనెక్కడివాడు? ఓక్లహోమా యూనివర్సిటీ నుంచి టీసీయూ (టెక్సస్ క్రిస్టియన్), టీసీయూ నుంచి మీ దగ్గరికి. మీరు తెచ్చుకున్నప్పుడు టీసీయూ వాళ్లు థ్రెడ్ పెట్టారా? ఆ సీజన్ చివర్లో అతను పోర్టల్‌లోకి వెళ్లి వర్జీనియాలో చేరాడు, దాంతో సీజన్ అయ్యాక ఆడే బౌల్ గేమ్‌కి ఎవరూ లేక మెస్టమేకర్‌ని దింపారు. అదే అతని ఫస్ట్ స్టార్ట్. పోర్టల్ లేకపోతే మీకు మెస్టమేకర్ అనే పేరే తెలిసేది కాదు.

ఇంకోటి, ఎరిక్ మోరిస్ మా టెక్సస్ టెక్‌లో ఆడినవాడే, గుర్తుపెట్టుకోండి. ఆయనకి క్వార్టర్‌బ్యాక్‌ని కనిపెట్టే కన్ను ఉంది. ఎవరూ పట్టించుకోని కామ్ వార్డ్‌ని ఇన్‌కార్నేట్ వర్డ్ అనే చిన్న కాలేజీకి తెచ్చింది ఆయనే, తర్వాత వాషింగ్టన్ స్టేట్‌కి వెంట తీసుకెళ్లాడు. అక్కడినుంచి వార్డ్ మయామీ వెళ్లి 2025 ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) డ్రాఫ్ట్‌లో నంబర్ వన్ అయ్యాడు. మీ దగ్గర పోయింది ఆ కన్ను. కుర్రాళ్లు దాని వెనక వెళ్లారంతే.

గుంటూరు_గోంగూర

ఇండియా నుంచి చదువుతున్నా, అమెరికన్ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని గుద్దుకోవడం అని తప్ప ఏమీ తెలీదు. అయినా ఈ థ్రెడ్ ఇంట్రెస్టింగ్‌గా ఉంది. ఒకటి చెప్పండి, కాలేజీ పిల్లలకి డబ్బులెవరిస్తున్నారు? కాలేజీయేనా? ఎంత? ఎవరైనా ఎప్పుడైనా కాలేజీ మారిపోవచ్చా? సీటు ట్రాన్స్‌ఫర్ కోసం మా తమ్ముడు యూనివర్సిటీ చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు, అందుకని అడుగుతున్నా.

లెక్కల_మాష్టారు

గోంగూర గారూ, కాస్త పెద్ద కథ, ఓపిగ్గా చదవండి.

మొదట్లో కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ రూలు ఒకటే: స్కాలర్‌షిప్ తప్ప పైసా తీసుకోకూడదు. టీవీ డబ్బులు వందల కోట్ల డాలర్లు వస్తున్నా సరే. ఆటగాళ్లు కోర్టుకెళ్లారు. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో సుప్రీం కోర్టు తొమ్మిదికి తొమ్మిది మంది జడ్జీలు ఎన్‌సీఏఏకి వ్యతిరేకంగా తీర్పిచ్చారు. అది చదువుకి సంబంధించిన ప్రయోజనాల గురించే అయినా మిగతా గోడలన్నీ కదిలాయి. అదే ఏడాది జూలై 1 నుంచి తన పేరు, ఫొటో, గుర్తింపు మీద ఆటగాడు సంపాదించుకోవచ్చు అన్నారు. దాన్నే అందరూ ఎన్‌ఐఎల్ అంటారు. పేరుకి ప్రకటనల డబ్బు, నిజానికి చాలావరకు కాలేజీ అభిమానులైన డబ్బున్నవాళ్లు 'కలెక్టివ్' అని పెట్టి చందాలు పోగేసి ఆటగాళ్లకిచ్చిన డబ్బు.

ట్రాన్స్‌ఫర్ సంగతి. పోర్టల్ అనేది 2018 అక్టోబర్‌లో మొదలైంది, అప్పట్లో ఫుట్‌బాల్‌లో మారితే మామూలుగా ఒక ఏడాది కూర్చోవాలి. 2021లో ఒకసారి మారితే కూర్చోనక్కర్లేదు అన్నారు. 2023 డిసెంబర్‌లో వెస్ట్ వర్జీనియాలో ఫెడరల్ జడ్జి రెండోసారికీ అడ్డు పెట్టొద్దన్నాడు, 2024 ఏప్రిల్‌లో ఎన్‌సీఏఏ చేతులెత్తేసింది. మార్కులుంటే ఎన్నిసార్లైనా మారొచ్చు. 2026లో ఫుట్‌బాల్‌కి జనవరి 2 నుంచి 16 దాకా ఒకటే విండో, వసంతంలో ఉండే రెండోది తీసేశారు.

అసలు డబ్బు కథ 2025 జూన్ 6న. ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసులో జడ్జి క్లాడియా విల్కెన్ రాజీకి ఆమోదం తెలిపింది. పాత ఆటగాళ్లకి నష్టపరిహారంగా సుమారు 280 కోట్ల డాలర్లు. జూలై 1 నుంచి కాలేజీలే నేరుగా ఆటగాళ్లకి ఇవ్వొచ్చు, మొదటి ఏడాది అన్ని ఆటలకీ కలిపి కాలేజీకి 2.05 కోట్ల డాలర్ల పరిమితి. మన రూపాయల్లో 180 కోట్ల పైమాటే. పెద్ద కాలేజీలు చాలావరకు అందులో దాదాపు ముప్పావు వంతు ఫుట్‌బాల్‌కే పెడతాయి. అది కాక బయటి ఎన్‌ఐఎల్ డబ్బు వేరే, 600 డాలర్లు దాటిన ప్రతి డీల్‌నీ డెలాయిట్ నడిపే 'ఎన్‌ఐఎల్ గో' అనే చోట చూపించాలి. నిజంగా ప్రకటనా, లేక ప్రకటన పేరుతో జీతమా అని వాళ్లు చూస్తారు.

గుంటూరు_గోంగూర

180 కోట్లా!! 2025 ఐపీఎల్ మెగా వేలంలో ఒక్కో ఫ్రాంచైజీకి పర్సు 120 కోట్లే కదండీ. మన సన్‌రైజర్స్ కంటే ఈ కాలేజీల దగ్గర ఎక్కువుందన్నమాట.

లెక్కల_మాష్టారు

ఐపీఎల్‌లో స్క్వాడ్ పాతిక మంది, ఇక్కడ 105. అది కూడా హౌస్ రాజీలోదే. ఇంతకుముందు 85 స్కాలర్‌షిప్పులు, వాక్-ఆన్‌లు ఎంతమందైనా ఉండొచ్చు. ఇప్పుడు స్కాలర్‌షిప్పుల లెక్క పోయింది, మొత్తం తలకాయలే 105. డెంటన్ అన్నా, మెస్టమేకర్ లాంటి వాక్-ఆన్‌కి చోటు దొరకడమే ఇకపై కష్టం. జడ్జి కూడా ఏప్రిల్‌లో ఆ పాయింట్ మీదే ఆమోదం ఆపింది, అప్పటికే ఉన్న కుర్రాళ్లని రోడ్డున పడేయొద్దని. చివరికి వాళ్లని లెక్కలోంచి మినహాయించే ఏర్పాటు చేశారు.

ఇంకో తేడా ముఖ్యమైంది. ఐపీఎల్‌లో ఒక్కసారి సుత్తి పడితే కుర్రాడు ఆ టీమ్‌వాడే, వదలాలంటే రూలుంది, ట్రేడ్ చేయాలంటే రూలుంది. ఇక్కడ నిన్నమొన్నటిదాకా పరిమితే లేదు, వేలం లేదు, అందరూ ప్రతి డిసెంబర్‌లో ఫ్రీ ఏజెంట్లే.

హూజియర్_సుబ్బు

నర్సరీ అన్న మాటకి జవాబివ్వాలనిపించి చాన్నాళ్లకి లాగిన్ అయ్యా. నేను ఇండియానా. అవును, ఆ ఇండియానాయే. 16-0. జనవరి 19న మయామీని 27-21తో కొట్టి నేషనల్ ఛాంపియన్. గొంతు ఇంకా రాలేదు, అందుకే టైపింగ్.

మాది చరిత్రలో అందరికంటే ఎక్కువ ఆటలు ఓడిన పెద్ద టీమ్‌గా పేరు మోసిన కాలేజీ. బాస్కెట్‌బాల్ సీజన్ మొదలయ్యేదాకా టైంపాస్‌కి ఫుట్‌బాల్ ఆడేవాళ్లం. 2023 నవంబర్ చివర్లో కోచ్‌గా కర్ట్ సిగ్నెట్టి వచ్చాడు, జేమ్స్ మాడిసన్ నుంచి 13 మందిని వెంట తెచ్చుకున్నాడు. తొలి ఏడాదే 11-2. వాళ్లలో డాంజెలో పాండ్స్, ఐడెన్ ఫిషర్, ఎలైజా సారట్, మికైల్ కమారా ఈసారి ఛాంపియన్‌షిప్ టీమ్‌కి వెన్నెముక. హైస్కూల్లో వీళ్లెవరికీ రిక్రూటింగ్ సైట్లు ఇచ్చే స్టార్ల రేటింగ్ పెద్దగా లేదు. క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజా అయితే యేల్‌లో చేరతానని మాటిచ్చి చివరికి కాల్ (కాలిఫోర్నియా యూనివర్సిటీ, బర్కిలీ) వెళ్లినవాడు, అక్కడినుంచి మా దగ్గరికొచ్చి హైస్‌మన్ (బెస్ట్ ప్లేయర్ ట్రోఫీ) కొట్టాడు. ఫైనల్లో నాలుగో డౌన్‌లో, అంటే ఆఖరి ఛాన్సులో, తనే బంతి పట్టుకుని ముగ్గురు నలుగుర్ని గుద్దుకుంటూ టచ్‌డౌన్ చేశాడే, ఆ ఒక్క ఆట చూస్తే చాలు.

పాత లెక్క ఏమిటంటే టీమ్‌లో సగం కంటే ఎక్కువమంది నాలుగు, అయిదు స్టార్ల కుర్రాళ్లు లేకపోతే టైటిల్ రాదు. ఏళ్ల తరబడి అది తప్పలేదు. మేం దానికి చాలా చాలా కింద ఉండి గెలిచాం. సిగ్నెట్టి చూసేది ఒకటే: ఈ కుర్రాడు ఇప్పటికే ఎన్ని ఆటలు ఆడాడు, ఏం చేశాడు. రేపు ఏం చేస్తాడో అన్న ఊహకి ఆయన డబ్బులు పెట్టడు. పద్దెనిమిదేళ్ల అయిదు స్టార్ల పిల్లాడి కంటే ఇరవై మూడేళ్లొచ్చి ముప్పై నలభై ఆటలు ఆడినవాడు మేలని. ఇది డబ్బు ప్రశ్న కాదు, ఎంపిక ప్రశ్న.

సరళ_కొలంబస్

సుబ్బు గారూ, శుభాకాంక్షలు, బిగ్ టెన్ కాన్ఫరెన్స్ (లీగ్) ఫైనల్లో మా ఒహాయో స్టేట్‌ని 13-10తో ఓడించినందుకు కాదు, మిగతాదానికి. :)

కానీ "డబ్బు ప్రశ్న కాదు" అంటే ఒప్పుకోను. బిలియనీర్ మార్క్ క్యూబన్ మీ పూర్వ విద్యార్థి, పోర్టల్ కోసమే డబ్బిచ్చాడని అందరికీ తెలుసు. సిగ్నెట్టి జీతం ఇప్పుడు ఏడాదికి కోటి డాలర్ల పైన. పేదింటి కథ చెప్పొద్దు.

మా ఒహాయో స్టేట్ సంగతి చెప్తా. 2024 టీమ్‌కి సుమారు 2 కోట్ల డాలర్లు పెట్టామని మా అథ్లెటిక్ డైరెక్టరే బయటికి చెప్పారు. బయటివాళ్లంతా విల్ హోవర్డ్ కాన్సస్ స్టేట్ నుంచి, కేలెబ్ డౌన్స్ అలబామా నుంచి, జడ్‌కిన్స్ ఓల్ మిస్ నుంచి కొనుక్కున్నారని ఏడ్చారు. వాళ్లు కీలకమే. కానీ నన్నడిగితే టైటిల్ తెచ్చిన డబ్బు వేరే చోట పెట్టింది. జాక్ సాయర్, తుయిమొలోవౌ, ఎగ్బుకా, ట్రెవియన్ హెండర్సన్, వీళ్లందరూ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లిపోగలిగినవాళ్లు, ఇంకో ఏడాది ఉండిపోయారు. మన దగ్గర మూడేళ్లు పెరిగినవాడు నాలుగో ఏడాది కూడా ఉండేలా చూసుకోవడం పోర్టల్లో కొత్తవాణ్ని తేవడం కంటే చవక, వాడి లోపాలేంటో మనకి ముందే తెలుసు. కొత్తవాడి విషయంలో మనకి తెలిసేది వీడియో మాత్రమే, వాడి మోకాలి సంగతి, బుద్ధి సంగతి వచ్చాకే తెలుస్తుంది.

కొలరాడో చూడండి. కోచ్ డియాన్ సాండర్స్ 2023లో యాభై మందికి పైగా ట్రాన్స్‌ఫర్లని దించాడు, 4-8. మరుసటేడు ట్రావిస్ హంటర్ హైస్‌మన్ కొట్టి 9-4 అయ్యారు, అతను వెళ్లిపోగానే 3-9. నార్త్ కరోలినాకి ఎన్‌ఎఫ్‌ఎల్ దిగ్గజ కోచ్ బిల్ బెలిచిక్ అంతటివాడొచ్చి టీమ్‌ని దాదాపు మొత్తం మార్చేశాడు, 4-8. ఫ్లోరిడా స్టేట్ 2023లో రెగ్యులర్ సీజన్, కాన్ఫరెన్స్ ఫైనల్ కలిపి 13-0, చాలావరకు ట్రాన్స్‌ఫర్లతోనే, తర్వాతి ఏడు మళ్లీ అదే మంత్రం వేస్తే 2-10. వచ్చినవాళ్లంతా ఒకే ఏడాది వాళ్లయితే రెండో ఏడాది టీమే ఉండదు.

లబ్బక్_రెడ్డి

సరళ మేడం ఓల్డ్ మనీ మాట్లాడుతున్నారు, అలవాటే. మా దగ్గరికి మూడేళ్లు పెరగడానికి అయిదు స్టార్ల కుర్రాడు లబ్బక్ వస్తాడా? దుమ్ము తుఫాన్లు చూసి ఎయిర్‌పోర్ట్ నుంచే తిరిగెళ్లిపోతాడు. మాకు ఉన్న ఒక్క దారి పోర్టల్.

కోడి క్యాంప్‌బెల్ మా టెక్‌లో లైన్‌మన్‌గా ఆడినవాడు, చమురులో సంపాదించాడు, ఇప్పుడు బోర్డ్ ఆఫ్ రీజెంట్స్ ఛైర్మన్. మాటాడర్ క్లబ్ అనే కలెక్టివ్ పెట్టి డబ్బు పోశాడు. 2025 జూలై 1న కొత్త రూల్స్ వస్తాయని తెలుసు కాబట్టి ఆ తేదీకి ముందే చాలా డబ్బు చెల్లించేశారు, డెలాయిట్ కళ్లద్దాలు పెట్టుకునేలోపే పని అయిపోయింది. తెలివి అంటే అదీ. తెచ్చింది ఎక్కడ? డిఫెన్సివ్ లైన్‌లో. డేవిడ్ బెయిలీ స్టాన్‌ఫర్డ్ నుంచి, రొమెల్లో హైట్ జార్జియా టెక్ నుంచి, లీ హంటర్ యూసీఎఫ్ నుంచి. చరిత్రలో మొదటిసారి బిగ్ 12 టైటిల్ గెలిచాం. ముందు అందరూ "కొన్న టీమ్" అన్నారు, గెలిచాక మా కోచ్ జోయీ మెక్‌గ్వైర్‌కి ఫోన్లు చేస్తున్నారట.

సరళ_కొలంబస్

తర్వాత ప్లేఆఫ్‌లో ఆడిన ఆరెంజ్ బౌల్ స్కోర్ కూడా రాయండి రెడ్డి గారూ.

లబ్బక్_రెడ్డి

23-0, ఒరెగాన్ చేతిలో ఓడాం. తెలుసు. అందుకే సిన్సినాటి నుంచి క్వార్టర్‌బ్యాక్ బ్రెండన్ సార్స్‌బీని తెచ్చాం, చూస్కోండి వచ్చే ఏడాది.

టెన్నిస్_అమ్మ

మీ అందరి ఆనందం మీది, కానీ ఆ 2.05 కోట్లు ఎక్కడినుంచి వస్తున్నాయో ఎవరైనా ఆలోచించారా? ముద్రించడం లేదు కదా. మా అమ్మాయి హైస్కూల్ టెన్నిస్, ర్యాంకింగ్ బాగానే ఉంది, మన తెలుగువాళ్లలో టెన్నిస్, స్విమ్మింగ్, గోల్ఫ్ స్కాలర్‌షిప్ కోసం పిల్లల్ని చిన్నప్పటినుంచి తిప్పుతున్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఇప్పుడు ఏ కోచ్‌తో మాట్లాడినా "మా ప్రోగ్రాం ఉంటుందో లేదో" అనే ఒకే టెన్షన్. కాల్ పాలీ వాళ్లు 2025 మార్చిలో స్విమ్మింగ్, డైవింగ్ ఎత్తేశారు, ఖర్చుల కారణాల్లో హౌస్ రాజీని కూడా చెప్పారు. సెయింట్ ఫ్రాన్సిస్ అని పెన్సిల్వేనియా కాలేజీ బాస్కెట్‌బాల్ నేషనల్ టోర్నమెంట్ ఆడిన కొద్ది రోజులకే స్కాలర్‌షిప్పులే లేని డివిజన్ 3కి దిగిపోతామని ప్రకటించింది.

ఫుట్‌బాలే డబ్బు తెస్తుంది, ఫుట్‌బాలే తింటుంది అంటే వినడానికి బాగానే ఉంది. ఆ డబ్బుతోనే ఇన్నాళ్లూ మిగతా ఆటలన్నీ బతికాయి. ఆటగాళ్లకి ఇవ్వొద్దని నేనూ అనను. కోచ్‌లకి ఇచ్చేది తగ్గించొచ్చు కదా? టెక్సస్ ఏ అండ్ ఎం వాళ్లు జింబో ఫిషర్‌ని 2023లో తీసేసినందుకు 7.5 కోట్ల డాలర్ల పైన బాకీపడ్డారు. పని చేయనందుకు! ఆ డబ్బుతో ఎన్ని స్విమ్మింగ్ టీమ్‌లు ఎన్నేళ్లు నడుస్తాయో మాష్టారే లెక్కేసి చెప్పాలి.

లెక్కల_మాష్టారు

అమ్మా, ఆ లెక్క వేస్తే నాకే రాత్రి నిద్ర పట్టదు. మీ పాయింట్ నిజం. ఇంకో చేదు విషయం: కొత్తగా పెంచిన స్కాలర్‌షిప్పుల్లో 25 లక్షల డాలర్ల దాకా ఆ పరిమితిలోనే లెక్కేస్తారు. అంటే టెన్నిస్‌కి అదనంగా స్కాలర్‌షిప్ ఇస్తే అంతమేరకు ఫుట్‌బాల్ జీతాల్లో కోత. అథ్లెటిక్ డైరెక్టర్ ఏం చేస్తాడో మీరే ఊహించుకోండి.

ఎఫ్‌వన్_కుర్రాడు

హాయ్ అందరికీ. డౌట్: మాలాంటి ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఎవరైనా టీమ్‌లో ఉంటే వాళ్లకీ ఇస్తారా? మాకు వారానికి 20 గంటలు క్యాంపస్‌లో క్యాంటీన్ పని చేస్తేనే గుండె దడ.

లెక్కల_మాష్టారు

బాబూ, నీ వీసాయే అడ్డం. కాలేజీ ఫుట్‌బాల్‌లో పంటర్లు (బంతిని కాలితో దూరంగా తన్నేవాళ్లు) చాలామంది ఆస్ట్రేలియా కుర్రాళ్లు, వాళ్లూ మీలాగే ఎఫ్-1. అమెరికా గడ్డ మీద ప్రకటన షూట్ చేసి డబ్బు తీసుకుంటే అనుమతి లేని పని కిందికి రావచ్చు. పర్డ్యూ బాస్కెట్‌బాల్‌లో జాక్ ఈడీ కెనడావాడు, వరసగా రెండేళ్లు దేశంలో బెస్ట్ ప్లేయర్, అయినా పక్కనున్న అమెరికన్ కుర్రాళ్లలా ఎన్‌ఐఎల్ చేసుకోలేకపోయాడు. కొందరు సొంత దేశానికెళ్లినప్పుడు షూట్ చేసుకొస్తారు. కాలేజీ నేరుగా ఇచ్చే వాటా సంగతి కూడా లాయర్ని అడక్కుండా ముట్టుకునే విషయం కాదు. రోస్టర్ కట్టేవాళ్లకి ఇందులో కూడా ఒక లెక్క ఉంటుంది, పంటర్ చవగ్గా దొరుకుతాడని.

డెంటన్_పాతకాపు

అందరికీ థాంక్స్, కానీ నా ప్రశ్న ఇంకా అక్కడే ఉంది. రెడ్డి చెప్పిన క్యాంప్‌బెల్ మాకు లేడు. సరళ గారు చెప్పినట్టు మావాణ్ని ఉంచుకోవాలంటే ఓక్లహోమా స్టేట్ ఇచ్చేదానికి పోటీ పడాలి. మా అమెరికన్ కాన్ఫరెన్స్ టీవీ డబ్బు, వాళ్ల బిగ్ 12 టీవీ డబ్బు పక్కపక్కన పెడితే నక్కకీ నాకలోకానికీ ఉన్నంత. ఇంక ఎంపిక అంటారా, బాగా ఎంపిక చేసినందుకే కదా మాకీ గతి! పదో తరగతిలో మంచి మార్కులొచ్చిన పిల్లాణ్ని ఊళ్లో సార్ రెండేళ్లు కష్టపడి తయారుచేస్తే, ఫలితాలొచ్చిన సాయంత్రమే కార్పొరేట్ కాలేజీ పీఆర్వో ఇంటికొచ్చి ఫీజు మాఫీ, హాస్టల్ ఫ్రీ అని ఎత్తుకుపోయి, రేపు పేపర్లో ఫుల్ పేజీ ఫొటో వాళ్లు వేసుకుంటారే, అచ్చం అది. మన అందరికీ తెలిసిన యాపారమే.

జంప్ జిలానీలని కుర్రాళ్లని తిట్టాలనిపించడం లేదు. నాకే జీతం మూడింతలిస్తామంటే ఫ్రిస్కో నుంచి అలాస్కాకైనా పోతా. కాంట్రాక్ట్ అనేది ఒకటి ఉండాలి కదా అనిపిస్తుంది, అంతే.

హూజియర్_సుబ్బు

ఆ సార్ సంగతికే వస్తున్నా. మేం 13 మందిని ఎత్తుకొచ్చిన జేమ్స్ మాడిసన్ ఏమైంది? మూతపడిందా? వాళ్లు హోలీ క్రాస్ నుంచి కోచ్ బాబ్ చెస్నీని తెచ్చుకున్నారు. 2024లో 9-4. 2025లో ఏకంగా 12 జట్ల ప్లేఆఫ్‌లోకి వెళ్లారు, ఒరెగాన్ చేతిలో 51-34తో ఓడినా సెకండ్ హాఫ్‌లో బాగానే ఆడారు. ఇప్పుడు చెస్నీ యూసీఎల్‌ఏకి వెళ్లాడు, వాళ్లు మళ్లీ ఇంకొకర్ని వెతుక్కున్నారు. సిగ్నెట్టికి ముందు కోచ్ కూడా ఇలాగే పెద్ద కాలేజీకి వెళ్లినవాడే. వాళ్లకిది అలవాటైన పని: కోచ్ పోతాడు, కుర్రాళ్లు పోతారు, వచ్చే కోచ్ తన పాత చోటునుంచి కొందర్ని తెస్తాడు, కింద డివిజన్లలో అప్పటికే బాగా ఆడి ఎవరికీ కనపడనివాళ్లని పట్టుకుంటారు.

కింద డివిజన్ అంటే చిన్నచూపు వద్దు. ఓల్ మిస్‌ని సెమీఫైనల్ దాకా తీసుకెళ్లిన ట్రినిడాడ్ చాంబ్లిస్ ఫెరిస్ స్టేట్ అనే డివిజన్ 2 కాలేజీ నుంచి వచ్చినవాడు. కోచ్ లేన్ కిఫిన్ ప్లేఆఫ్ ముందు టీమ్‌ని వదిలేసి ఎల్‌ఎస్‌యూకి వెళ్లిపోయినా చాంబ్లిస్ ఆడాడు. వాండర్‌బిల్ట్ చరిత్రలో మొదటిసారి పది గెలిచింది, డియెగో పావియా ఎక్కడివాడు? జూనియర్ కాలేజీ, తర్వాత న్యూ మెక్సికో స్టేట్. మీ డెంటన్‌కి కొత్త కోచ్‌గా నీల్ బ్రౌన్ వచ్చాడు, ట్రోయ్‌లో వరసగా పది గెలుపుల సీజన్లు చేసినవాడు. ఏడుపు ఆపి చూడండి.

సరళ_కొలంబస్

కాంట్రాక్టుల గురించి అన్నారు కాబట్టి. అవి ఉన్నాయి, పాతకాపు గారూ, ఇప్పుడిప్పుడే పళ్లొస్తున్నాయి. 2026 జనవరిలోనే రెండు జరిగాయి. వాషింగ్టన్ యూనివర్సిటీలో క్వార్టర్‌బ్యాక్ డెమండ్ విలియమ్స్ కొత్త అగ్రిమెంట్ మీద సంతకం పెట్టిన కొద్ది రోజులకే పోర్టల్‌లోకి వెళ్తున్నానని ప్రకటించాడు, యూనివర్సిటీ కాగితం చూపించి కోర్టు దాకా వెళ్తామనేసరికి వెనక్కొచ్చాడు. డ్యూక్ క్వార్టర్‌బ్యాక్ డారియన్ మెన్సా పోర్టల్ చివరి రోజున వెళ్తానన్నాడు, డ్యూక్ కోర్టుకెళ్లింది, చివరికి రాజీ చేసుకున్నారు, అతను మయామీలో తేలాడు. ఆ మెన్సా కూడా టులేన్ నుంచి డ్యూక్ తెచ్చుకున్నవాడే, అది వేరే సంగతి.

2025లో టెన్నెసీ క్వార్టర్‌బ్యాక్ నీకో ఇయామలియావా గొడవ చూశాం. ఏప్రిల్‌లో ఎక్కువ కావాలని ప్రాక్టీస్‌కి రాలేదు, కోచ్ హైపల్ ఆ మర్నాడే నువ్వు లేకుండానే సాగుతాం అన్నాడు. నీకో యూసీఎల్‌ఏకి, యూసీఎల్‌ఏలో ఉన్న జోయీ అగిలార్ టెన్నెసీకి. ఒకరి కుర్చీలో ఒకరు. యూసీఎల్‌ఏ 3-9, టెన్నెసీ 8-5. బేరం ఎక్కడ ఆపాలో ఆ కుర్రాడికి చెప్పేవాళ్లు లేకపోయారు. అటువైపు కూడా చూడండి: యూఎన్‌ఎల్‌వీలో మాథ్యూ స్లూకా తనకి లక్ష డాలర్లు ఇస్తామని నోటి మాట ఇచ్చి ఇవ్వలేదని, టీమ్ 3-0 మీద ఉండగా సీజన్ మధ్యలో ఆడటం మానేశాడు. కాలేజీ అలాంటి ఒప్పందం లేదంది. కాగితం లేకపోతే రెండువైపులా నష్టమే.

డెంటన్_పాతకాపు

కాగితం ఉంటే మాకేమొస్తుంది? కోర్టుకెళ్లే స్తోమత డ్యూక్‌కి ఉంది.

లెక్కల_మాష్టారు

కోర్టు అక్కర్లేదు, బయౌట్ చాలు. యూరప్ సాకర్‌లో చూడండి, చిన్న క్లబ్ కుర్రాణ్ని తయారుచేస్తే పెద్ద క్లబ్ డబ్బు కట్టి తీసుకెళ్తుంది. ఆ డబ్బుతో చిన్న క్లబ్ ఇంకో పదిమందిని చూసుకుంటుంది. ఇక్కడ కోచ్‌కి అది ఉంది. ఎరిక్ మోరిస్ లాంటి కోచ్ కాంట్రాక్ట్ మధ్యలో వెళ్తే పాత కాలేజీకి డబ్బు వస్తుంది. గెలిపించిన కుర్రాడు వెళ్తే రూల్ ప్రకారం పైసా రాదు. రెండేళ్ల కాంట్రాక్టులు రాసుకుని, ముందే వెళ్తే కొత్త కాలేజీ ఇంత కట్టాలని పెట్టుకుంటే నర్సరీ వ్యాపారం కూడా గౌరవంగానే నడుస్తుంది.

లబ్బక్_రెడ్డి

మాష్టారూ, మీరు చెప్పినట్టు బయౌట్ కాగితం మీద సంతకం పెట్టే వాక్-ఆన్ ఎవడు? మెస్టమేకర్‌కి ఆ బౌల్ గేమ్ ముందు మీ డెంటన్‌వాళ్లు రెండేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చేవాళ్లా? ఇవ్వరు. బాగా ఆడాక ఇస్తామంటే అప్పటికే వాడికి ఏజెంట్ ఉంటాడు, అతను బయౌట్‌ని పది వేలకి దించుతాడు. పైగా కుర్రాణ్ని ఉద్యోగి అనడానికి కాలేజీలు ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు. ఉద్యోగి కాకపోతే యూనియన్ లేదు, యూనియన్ లేకపోతే అందరికీ ఒకే కాంట్రాక్ట్ పెట్టే దారి లేదు, పెడితే మళ్లీ ఇంకో యాంటీట్రస్ట్ (పోటీని అణిచారనే) కేసు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జీతాల పరిమితి కోర్టులో నిలబడుతోందంటే ఆటగాళ్ల యూనియన్ సంతకం ఉంది కాబట్టే.

టెన్నిస్_అమ్మ

యూనియన్ వస్తే మా అమ్మాయి కూడా అందులో మెంబరేనా, లేక ఫుట్‌బాల్ వాళ్లకి మాత్రమేనా? సీరియస్‌గానే అడుగుతున్నా.

లెక్కల_మాష్టారు

డార్ట్‌మత్ బాస్కెట్‌బాల్ కుర్రాళ్లు 2024 మార్చిలో 13-2తో ఓటేసి యూనియన్ పెట్టుకున్నారమ్మా. కాలేజీ బేరానికి ఒప్పుకోలేదు, ఆ ఏడాది చివరి రోజున వాళ్లే పిటిషన్ వెనక్కి తీసుకున్నారు, వాషింగ్టన్‌లో ప్రభుత్వం మారుతోంది కాబట్టి లేబర్ బోర్డు తమకి వ్యతిరేకంగా చెప్తుందని. అక్కడ అది ఒక్క టీమ్ యూనియన్, మిగతా ఆటలు అందులో లేవు. మీ అమ్మాయి టీమ్ విడిగా పెట్టుకోవాలి.

గుంటూరు_గోంగూర

నాకు ఆట రూల్స్ ఇంకా తెలీవు కానీ ఓక్లహోమా స్టేట్ మ్యాచ్‌లు ఇండియాలో ఎక్కడ వస్తాయో చెప్పండి. ఆ మెస్టమేకర్ని ఒకసారి చూడాలి.

డెంటన్_పాతకాపు

నువ్వు కూడానా తమ్ముడూ.